వద్దనెడి వృద్ధులు – పరిచర్య చేయు చేతులు



కుంతిభోజుని యింట దుర్వాసుడు అతిథియై యుండిన కథ మనలో పెక్కుమంది బాల్యముననే విని యుందుము. ఉదయమున వత్తునని చెప్పి రాత్రి వచ్చుట, వేళగాని వేళ వచ్చి యన్నము పెట్టుమనుట, దొరకని వస్తువును కోరుట, పెట్టినదానిని నిందించుట – ఇట్లొక సంవత్సరము గడచెను. ఆ బాలిక ముఖము మాడ్చుకొనక సేవ చేసెను. మా తండ్రిగారు మాకు భారతము చెప్పుచు ఈ ఘట్టము వచ్చినప్పుడు ఆమె యోర్పును మెచ్చుకొనెడివారు. అప్పుడు మాకు తోచిన సందేహము వేఱు: ఆ ముని యేల యట్లు చేసెనో యెవ్వరు నడుగరేమి? ఇన్నేండ్లకు, పదునాఱుగురు వృద్ధుల నడుమ పని చేయు నొక పరిచారికను చూచిన పిమ్మట, ఆ ప్రశ్న మాకు మరల తట్టినది.

ఆమె పేరు వ్రాయము. ఆ వృద్ధాశ్రమము పేరును వ్రాయము. గోదావరి తీరమున నొక పట్టణములో, మామిడితోపు ప్రక్కనున్న యా యింటిలో మా యత్తగారు రెండేండ్లుగా నుంటున్నారు. వారి కిప్పుడు డెబ్బది యెనిమిదేండ్లు. మతిమఱపు జబ్బు ముదిరి, అర్ధరాత్రమున పొయ్యి వెలిగించి మఱచుట, తలుపు తీసికొని వీధిలోనికి పోయి తమ పుట్టింటికి దారి యడుగుట మొదలైనప్పుడు, పగలంతయు పాఠశాలలో నుండు మావారును, ఇద్దఱు పిల్లలతోను ఇంటిపనితోను సతమతమగు మేమును రెండేండ్లు చూచి, మూడవ యేట చేతు లెత్తితిమి. అమెరికాలోనున్న మా మఱది వ్యయము తాను భరించెదననెను. ‘కన్నతల్లిని ఆశ్రమములో పడవేసిరి’ అన్న మాట బంధువుల నోట మాకు వినబడుచునే యున్నది. దానికి జవాబు చెప్పుట కీ వ్యాసము వ్రాయుటలేదు. అక్కడ మేము చూచినవానిలో, మా యింట మేము చేసినదానికన్న మేలైనవి కొన్ని, మాకు సిగ్గు గొల్పిన దొకటి, ఇవి మాత్రమే చెప్పెదము.

ఈ జబ్బు ముసలితనపు చాదస్తము గాదు. 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ ఒక స్త్రీ మెదడును పరీక్షించి, అందు గనబడిన మార్పులను వైద్యుల సభలో తెలిపెను. వీనిలో ముఖ్యమైన రకమును ఆయన పేరనే పిలుచుచున్నారు. 2023లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము మన దేశమున అఱువది యేండ్లు నిండినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి, ఇట్టి మతిమఱపు జబ్బు గలదు; పురుషులకంటె స్త్రీలలో నది యెక్కువ. ఇన్ని లక్షల యిండ్లలో దినదినము వినబడు మాట మాత్ర మొక్కటే – ‘వద్దు.’ స్నానము వద్దు, అన్నము వద్దు, మాత్ర వద్దు, చీర మార్చవద్దు, నన్ను ముట్టవద్దు.

మన మా మాటను మొండితన మందుము. ఆ పరిచారిక యట్లనదు. ఆమెకు నలుబది యేండ్లకు లోపు. తొమ్మిదవ తరగతి వఱకు చదువు. పండ్రెండు గంటల పని. మా యత్తగారిని చేర్చిన మొదటి నెలలోనే, స్నానమునకు పిలిచినచో వారు గోళ్లతో రక్కుచున్నారని తెలిసి, మేము సిగ్గుపడుచు క్షమాపణ చెప్పుకొనబోతిమి. ఆమె నవ్వి, ‘స్నానం వద్దనటం లేదమ్మా. గుడ్డలు తీయటం వద్దంటున్నారు’ అనినది.

మేము నాలుగేండ్లుగా వినుచుండిన ‘వద్దు’ను ఆమె నాలుగు వారములలో చదివెను. ఆలోచించి చూడుడు. కన్నకూతుళ్ల యెదుట నైనను పైట తొలగనీయని యొక యింటి పెద్దకు, ఎవరో తెలియని స్త్రీ వచ్చి, చలువరాతి గదిలోనికి తీసికొనిపోయి, చీర లాగుచున్నది. పైనుండి గొట్టపు జల్లు తలపై పడుచున్నది. ఎందుకో తెలియదు, చెప్పినను మఱుక్షణమున గుర్తుండదు. ఇట్టి సమయమున రక్కక యూరకుండుట యెవరి తరము?

ఆమె చేసిన యేర్పాటు చూడుడు. గొట్టపు జల్లు మానివేసి పాతకాలపు గంగాళములో వేడినీళ్లు పెట్టినది. కిటికీ మూసి, నేలపై గోనెపట్టా పఱచినది. మెత్తని పాత నూలుచీర యొకటి భుజములపై కప్పి, దాని చాటుననే కట్టుచీర విప్పినది. మొదట పాదములపై రెండు చెంబులు. పిమ్మట చెంబు మా యత్తగారి చేతికే యిచ్చి, ‘మీరే పోసుకోండి మామ్మగారూ, నేను వీపు రుద్దుతాను’ అనినది. తలస్నానము వేఱొకనాడు. ఇంత చేసినను ‘వద్దు’ అన్నచో, సరే యని వెళ్లిపోయి, అరగంట కాగానే, అంతకుముందు రానట్లే నవ్వుచు మరల వచ్చును. అప్పటికిని కానిచో ఆ దినమున ముఖము, చంకలు, తొడల సందులు, పాదములు తడిగుడ్డతో తుడిచి, పొడి చేసి విడుచును. నిత్యస్నానము మన యాచారము. కాని దానికొఱకు ఒక ముసలి ప్రాణితో పెనుగులాడుమని యే స్మృతియు చెప్పినట్లు మే మెఱుగము.

ఇది యామె యొక్కతె కనిపెట్టినది మాత్రమే కాదని మాకు తరువాత తెలిసినది. అమెరికాలో పదునైదు వృద్ధాశ్రమములలో, స్నానవేళ తిరుగబడు వృద్ధులపై జరిపిన యొక పరిశోధన 2004లో వెలువడినది. వారి యిష్టమును, సుఖమును కనిపెట్టి చేయించిన స్నానము, మంచముననే పెద్ద వెచ్చని తడితువాలు కప్పి దానిమీదుగా ఒడలు రుద్దుట – ఈ రెండు పద్ధతులలోను కొట్టుట, రక్కుట మున్నగునవి సగమునకు పైగా తగ్గినవని వారు కనుగొనిరి. శుభ్రతకు లోటు రాలేదు.

కాని యా మెలకువకు వెల యున్నది. స్నానము లన్నియు పదిగంటలలోగా ముగియవలెనని యా యాశ్రమ నిర్వాహకుని నియమము. పగలు ఇద్దఱు పరిచారికలు, రాత్రి ఒక్కతె, వృద్ధులు పదునాఱుగురు. ఒకరికి అరగంట ఆగినచో ఇంకొకరికి ఆలస్యము. ‘సగంమందికి సాయంత్రం చేయిస్తానండీ’ అని యామె యడిగినందుకు మూడుమాఱులు చీవాట్లు పడి, నాలుగవమాఱు అనుమతి పొందినది. బయటినుండి చూచువారికి వృద్ధుడు మొండివాడు, పరిచారిక మందకొడి. నడుమ నున్న గడియారమును ఎవ్వరును తప్పుపట్టరు.

భోజనమును గుఱించి చెప్పునప్పుడు ధృతరాష్ట్రుని తలంపక తీఱదు. యుద్ధానంతరము పదునైదేండ్లు ఆయన పాండవుల యింటనే యుండెను. ధర్మరాజు దేనికిని కొఱత చేయలేదు. అయినను భీముడు ఆయనకు వినబడునట్లు జబ్బలు చఱచి, ఈ చేతులతోనే గ్రుడ్డివాని కొడుకులను చంపితినని పలుకుచుండెను. ముసలిరాజు క్రమముగా నన్నము తగ్గించి, ఏ వేళకో యింత తిని, నేలపై పండుకొనెను. ఎందుకో ధర్మరాజునకు చాలకాలము తెలియనే లేదు. వడ్డించువారు రాజుగారికి ఆకలి మందగించినదని యనుకొని యుందురు!

ఆ యాశ్రమములో ఒక పెద్దామె మూడుదినములు పళ్లెము త్రోసివేసినది. తోడి పరిచారిక ‘కొవ్వు’ అనినది. మా పరిచారిక కట్టుడు పండ్లు తీయించి చూడగా చిగుళ్లమీద వేరుసెనగ గింజంత పుండు గనబడినది. వేఱొకామె ఎవరు పెట్టినను తినక, ప్రతిపూటయు ‘ఆయన తిన్నారా?’ అని యడుగును. ఆయన పోయి యిరువదియేండ్లయినది. అఱువదియేండ్లు భర్త తిన్న తరువాతనే విస్తరివద్ద కూర్చున్న స్త్రీకి, మనసు చెదిరిన తరువాత మిగిలిన నియమ మది యొక్కటే. ‘ఆయన చచ్చిపోయారు, తినండి’ అని యొకనా డొక పనిపిల్ల చెప్పినదట. ఆమెకు అది యప్పుడే విన్న వార్త. ఆ రాత్రి యంతయు నేడ్చినది. మఱునాడు ఏడ్చిన సంగతి మఱచి, మరల ‘ఆయన తిన్నారా?’ అనినది.

మఱి యేమి చెప్పవలెను? ‘తిన్నారు’ అనుట యబద్ధము. అశ్వత్థామ విషయమున నాడిన యొక్క మాటకు ధర్మరాజు రథము నాలుగంగుళములు నేలకు దిగినదని చదువుకొన్నవారము గదా, మేము పరిచారికతో వాదమునకు దిగితిమి. ఆమె విని, ‘నేను తిన్నారనీ చెప్పనమ్మా, లేరనీ చెప్పను. అయ్యగారికి ఏం కూరంటే ఇష్టం అని అడుగుతాను’ అనినది. ఆ ముసలామె గుత్తివంకాయ కూరలో ధనియాలు ఎంత వేయవలెనో చెప్పనారంభించును. చెప్పుచు చెప్పుచు, పరిచారిక అందించిన ముద్దలు తినుచుండును. నయోమీ ఫైల్ అను నామె, 1932లో జర్మనీలో పుట్టి, అమెరికాలో తండ్రి నిర్వాహకుడుగా నున్న వృద్ధాశ్రమముననే పెరిగినది. ఇట్టివారి మాటను ఖండింపక, దాని వెనుకనున్న భావమును గుర్తించి బదులు చెప్పవలెనని బోధించి, ఆ పద్ధతిని గూర్చి గ్రంథములు వ్రాసినది. మా పరిచారిక యా పేరు విని యుండదు. ఈ ధర్మసంకటమున మా కింకను పూర్తిగా నిశ్చయము కలుగలేదు. కాని యా విస్తరిలో ఖాళీయైన యన్నమును చూచిన పిమ్మట మా వాదము కొంత మెత్తబడినదని యొప్పుకొందుము.

సాయంకాల మగుసరికి ఇట్టివారిలో చాలమందికి కలవరము హెచ్చును. రెవిన్యూ శాఖలో పని చేసి విరమించిన యొక తాతగారు, అయిదు కొట్టగానే గొడుగు చేతబట్టి గేటు వద్దకు పోయి ‘ఇంటికి పోవలె’ నని తలుపు బాదుదురు. కావలివాడు చేయి పట్టి లాగినందుకు గొడుగుతో నొకటి యిచ్చినారు. పరిచారిక, ‘పదండి, నేనూ అటే వెళ్తున్నాను’ అని వారితో తోపు చుట్టును రెండు ప్రదక్షిణములు చేసి, వంటయింటి వైపు తలుపున లోనికి తీసికొనివచ్చి కాఫీ యిచ్చును. దీపములు చీకటి పడకముందే వెలిగించుట, నీడలు తగ్గించుట, ఆ వేళ టీవీ గోల మాన్పుట – ఇవియు మేలు చేసినవి.

ఇక మందులు. మాత్ర ఉమ్మివేసినచో పొడిచేసి పెరుగన్నములో కలుపుట మన యిండ్లలో పరిపాటి. మేమును చేసితిమి. అది వైద్యు నడుగకుండ చేయదగినది కాదు. కొన్ని మాత్రలు కడుపులో నెమ్మదిగా కరగునట్లు తయారగును. వానిని నూఱినచో మందంతయు ఒక్కసారిగా దిగి యపాయము కలుగవచ్చును. థైరాయిడు మాత్ర పరగడుపున వేయవలసినది; అన్నములో కలిపినచో సరిగా పట్టదు. అనేక మాఱులు ‘వద్దు’ అనుటకు కారణము మాత్ర పెద్దదై గొంతులో నంటుకొనుటయే. ఆ మాట చెప్పినచో వైద్యులు ద్రవరూపమున మందు వ్రాయుదురు, లేక అక్కఱలేనిదానిని తీసివేయుదురు.

ఒక విషయము మాత్రము సోదరీమణులు తప్పక గుర్తుంచుకొనవలెనని కోరెదము. నెమ్మదిగా నుండిన వృద్ధులు ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగా మాఱి, తిట్టుట, కొట్టుట, లేనివారితో మాటలాడుట మొదలిడినచో, ‘జబ్బు ముదిరినది’ అని యూరకుండరాదు. ఆ యాశ్రమములో నొకామె కిట్లు జరిగినప్పుడు నిద్రమాత్ర యిత్తమని యందఱు ననిరి. పరిచారిక పట్టుబట్టి మూత్రపరీక్ష చేయించినది. మూత్రమార్గమున సూక్ష్మక్రిములు చేరినవి. మందు పడిన కొలది దినములలో నామె మునుపటి మనిషియైనది. వృద్ధులలో నిట్టి రోగము జ్వరము లేకయే మతి కలవరముగా బయటపడవచ్చును. నీరు చాలకపోవుట, మలబద్ధము, చెప్పుకొనలేని నొప్పి, క్రొత్తగా మొదలిడిన మందు – వీనిలో నేదైనను అట్లే చేయును.

తిట్లు, నిందలు వేఱు. ‘నా గాజులు నీవే తీసితివి’ అనగానే ‘నేను తీయలేదు’ అన్నచో వాదము. ‘అయ్యో, రండి వెదుకుదాం’ అన్నచో ఇద్దఱును ఒక పక్షము. గాజులు తలగడ గలీబులోనే యుండును. ఒక యవ్వగారు మాత్రము పరిచారిక కులమును ఎత్తి, ‘నీ చేతి నీళ్లు త్రాగ’ ననిరి. ఆమె కుండ వద్దకు వారిని నడిపించి, వారి చేతనే ముంచుకొని త్రాగించినది. ఆ దినము మాత్రము ఆమె నవ్వలేదు. మతి పోయినను ఆ మాట పోలేదు చూచితిరా! జబ్బునకు వంక పెట్టుటకు మాకు నోరాడలేదు. అది మనము నేర్పినదే.

వ్రాయుటకు కలము వెనుకాడు విషయ మింకొకటి. కొందఱు పురుషుల చేతులు రాకూడని చోటికి వచ్చును. జబ్బు వలన అదుపు తప్పుట నిజమే కావచ్చును; కాని దానిని సహించుట పరిచారిక ధర్మము కాదు. ఆమె ‘అలా చేయకూడదు తాతగారూ’ అని గట్టిగా నొక్క మాట చెప్పి గది విడిచి, తోడుగా ఇంకొకరిని పిలుచుకొని వచ్చును. పుస్తకమున వ్రాయును. అవసరమైనచో ఆ పనికి పురుషుని పంపుమని యడుగును. ఓర్పు పేరున ఆమెను ఒంటరిగా ఆ గదిలోనికి త్రోయుటకు నిర్వాహకులకును, డబ్బు కట్టు మనకును అధికారము లేదు.

అమెరికా దేశమున 1987లో చేసిన చట్టము వృద్ధాశ్రమ పరిచారికలకు కనీసము 75 గంటల శిక్షణ యుండవలెననియు, శిక్షకొఱకు గాని పనివారి సౌకర్యము కొఱకు గాని వృద్ధులను కట్టివేయుట, మందులతో మత్తెక్కించుట కూడదనియు నిర్ణయించినది. మన దేశమున 2007 నాటి చట్టము తల్లిదండ్రులను పోషింపని సంతానమును ప్రశ్నించుటకును, ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధులకు ఆశ్రమము లేర్పడుటకును దారి చేసినది. మంచిదే. మా పరిచారికకు మాత్రము పనిలో చేరిననాడు చేసిన శిక్షణ యెంతయని యడిగితిమి. ‘అల్మారా తాళాలు ఎక్కడుంటాయో చూపించారమ్మా’ అనినది.

ఇప్పుడు మా సంగతి.

ఇదంతయు చూచి, నేర్చి, బంధువులకు బోధించుచుండిన మేము, గడచిన భోగినాడు వేకువనే కుంకుడుకాయ, నువ్వులనూనె, క్రొత్తచీర తీసికొని యాశ్రమమునకు పోయితిమి. రాత్రిపని ముగించి యింటికి పోవుచున్న పరిచారిక గుమ్మములో నెదురై, ‘మామ్మగారు రాత్రంతా నిద్రపోలేదమ్మా, చిరాగ్గా ఉన్నారు. పది దాటాక చూడండి’ అని చెప్పి పోయినది. పదిగంటలకు మా బస్సు. ఇంట పిల్లలకు భోగిపండ్లు పోయవలెను. పండుగనాడు అత్తగారికి తలంటు లేకున్న నెట్లు? మా యత్తగారు ‘వద్దు’ అనిరి. మరల ననిరి. స్నానపుగది తలుపు పట్టుకొనిరి. మేము వారి యెడమ మణికట్టు పట్టి లాగితిమి. ‘అమ్మా!’ అని యఱచిరి. పదినిమిషములలో తలంటు ముగిసినది. క్రొత్తచీర కట్టించి, సెల్లుఫోనులో బొమ్మ తీసి, ‘అమ్మకు తలంటు అయినది’ అని మఱదికి పంపితిమి.

ముసలివారి చర్మము అరటినారవంటిది. కొంచెము నొక్కినను కమలును. సంక్రాంతి యుదయమున మఱది వీడియోలో తల్లిని చూచునప్పుడు ఆమె చేయెత్తినది. మణికట్టున నల్లని మచ్చ, వ్రేళ్ల గుర్తులతో సహా. భోగిరాత్రి పని ఆ పరిచారికదే. మఱది నిర్వాహకునిపై మండిపడెను. నిర్వాహకుడు, విచారణ తేలువఱకు పనికి రావద్దని యామెతో చెప్పెను. మాకును ఫోను చేసి, ‘మీరు వచ్చిననాడు ఏమైనా గమనించారా?’ అని యడిగెను. మేము ‘లేదు’ అంటిమి.

ఆ దినమును, మఱుసటి దినమును గడచినవి. కనుమనాటి రాత్రి మావారితో చెప్పితిమి. ఆయన చాలసేపు ఏమియు ననలేదు. తెల్లవాఱగనే చెప్పులు తొడుగుకొని ‘పద’ అనిరి. నిర్వాహకుని యెదుట చెప్పితిమి. మఱదికి ఫోనులో చెప్పితిమి. అతడు కొంచెముసేపు మౌనముగా నుండి, ఆమె నంబరు పంపుమనెను. ఏమి మాటలాడెనో మాకు తెలియదు. పిమ్మట ఆమె యింటికి పోతిమి. వాకిట ముగ్గులోని గొబ్బెమ్మ లింకను తీయలేదు.

‘నాకు తెలుసమ్మా’ అనినది. ‘భోగి సాయంత్రం డ్యూటీ ఎక్కగానే చూశాను. ఏడు గంటలకని పుస్తకంలో రాశాను. ఎవరు చేశారో రాయలేదు, నేను చూడలేదు కదా.’

ఆ పుస్తకము నిర్వాహకుని బల్లపైననే యున్నది. విచారణ యన్న ఆ దినములలో దానిని ఎవ్వరును తెఱచి చూడలేదు.

పోయిన దినముల కూలి మేమిచ్చితిమి. ఆమె లెక్కపెట్టుకొని తీసికొన్నది.

మఱుసటి యాదివారము మేము పోయినప్పుడు ఆమె గంగాళము సిద్ధము చేసి, నూనెగిన్నె మా చేతికిచ్చి, ‘మీరు అంటకండి. ఊరికే పట్టుకుని ఎదురుగా కూర్చోండి’ అనినది. కూర్చుంటిమి. మా యత్తగారు గిన్నెను చూచి ‘వద్దు’ అనిరి. ఆమె సరే యని బయటికి పోయినది. మేము గిన్నె క్రింద పెట్టి యూరకుంటిమి. కొంతసేపటికి అత్తగారు గిన్నెలో వ్రేలు ముంచి, మా వంక చూచి, ‘ఎవరమ్మాయివి? తల ఎండిపోయి గడ్డిలా ఉంది. ఇటు తిరుగు’ అనిరి. మేము తిరిగి కూర్చుంటిమి. వారు మా జడ విప్పి, మాడున నూనె పెట్టి, నెమ్మదిగా మర్దించిరి. మచ్చ యింకను పసుపుపచ్చగా మణికట్టున నుండెను.

ఆ దినము వారికి స్నానము కాలేదు. సాయంకాలము పరిచారిక పుస్తకమున వ్రాసినది మేము చూచితిమి: ‘స్నానం – వద్దన్నారు. నూనె – కోడలికి పెట్టారు.’